బొమ్మ రైలు గేటుకు ఏడు రిలేలు

మోడల్ రైల్వే కట్టేవాళ్లు పట్టాలు పరిచి, స్టేషన్ నిలబెట్టి, పక్కన ఓ ఊరు అమర్చుకున్నాక దాదాపు అందరి చూపూ రైల్వే గేటు మీదికి పోతుంది. రోడ్డు పట్టాలను దాటే చోట రెండు గేట్లు నిలబెట్టడం కష్టమేమీ కాదు. ఎవరూ ముట్టుకోకుండానే రైలు దగ్గరికి వస్తుంటే ఎర్ర దీపాలు వెలిగి ఆరుతూ, గేటు నెమ్మదిగా పడి, చివరి పెట్టె రోడ్డు దాటగానే మళ్లీ లేవాలంటే మాత్రం కాస్త బుర్ర పెట్టాలి. ఆ ఆలోచన అంతటినీ వైర్లలోనే పొందుపరచవచ్చు. కంప్యూటర్ అక్కర్లేదు. నూట యాభై ఏళ్లుగా అసలు రైల్వేలు నమ్ముకున్న రిలేలు ఓ ఏడు ఉంటే చాలు.

రిలే అంటే కరెంటుతో కదిలే స్విచ్. ఇనుప కడ్డీ మీద సన్నటి రాగి తీగ చుట్టి కాయిల్ చేస్తారు. అందులో కరెంటు పారితే కడ్డీ అయస్కాంతమై ఎదురుగా ఉన్న ఇనుప రేకును లాక్కుంటుంది. కరెంటు ఆగితే స్ప్రింగు ఆ రేకును వెనక్కి తెస్తుంది. రేకుతో పాటు కాంటాక్టులు కదులుతాయి. కాయిల్‌లో కరెంటు ఉన్నప్పుడు కలిసేవి కొన్ని, లేనప్పుడు కలిసి ఉండేవి కొన్ని. దుకాణాల్లో వీటిని ఎన్‌ఓ, ఎన్‌సీ అంటారు. రైల్వే సిగ్నల్ విభాగం వాళ్లు ఫ్రంట్ కాంటాక్ట్, బ్యాక్ కాంటాక్ట్ అంటారు. కాయిల్‌కు కరెంటు అందితే రిలే పికప్ అయిందనీ, పోతే డ్రాప్ అయిందనీ చెబుతారు. ఇక్కడ ఆ మాటలే వాడుకుందాం. కాయిల్ సర్క్యూట్‌కూ కాంటాక్టుల సర్క్యూట్‌కూ మధ్య విద్యుత్ సంబంధం ఉండదు. అందుకే పట్టాల కరెంటు, దీపాల కరెంటు, మోటారు కరెంటు దేని దారిన అది పోతున్నా రిలే వాటిని ఒకే పనికి కూర్చగలదు.

వైరు పట్టుకునే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. రైలు వచ్చినప్పుడు రిలే పికప్ అవ్వాలా, డ్రాప్ అవ్వాలా? కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గీసుకునే బొమ్మల్లో ఎక్కువగా పికప్ అనే ఉంటుంది. రైలు వచ్చింది, కరెంటు వెళ్లింది, గేటు పడింది అనుకోవడం సహజమే. రైల్వేలు మాత్రం దీన్ని తిరగేశాయి. ఆ తిరగేయడంలోనే సిగ్నలింగ్ శాస్త్రమంతా ఉందని నా నమ్మకం.

అమెరికన్ ఇంజనీరు విలియం రాబిన్సన్ 1870 ప్రాంతంలో రైలు ఉనికిని విద్యుత్తుతో గుర్తించే పని మొదలుపెట్టాడు. మొదట కట్టిన సర్క్యూట్‌లో రైలు వస్తే రిలే పికప్ అయ్యేది, హెచ్చరిక కనిపించేది. మరి బ్యాటరీ అయిపోతే? వైరు తెగితే? రైలు ఎదురుగా నిలబడి ఉన్నా రిలే కదలదు. దారి ఖాళీగా ఉందనే సిగ్నల్ చెబుతుంది. ఈ లోపం తెలిశాక ఆయన సర్క్యూట్‌ను తిరగేసి కట్టాడు. వేరుచేసిన పట్టాల ముక్కకు ఒక చివర బ్యాటరీ, మరో చివర రిలే పెట్టాడు. ముక్క ఖాళీగా ఉన్నంతసేపూ కరెంటు రెండు పట్టాల గుండా పారుతూ రిలేను పికప్‌లో ఉంచుతుంది. రైలు రాగానే ఇనుప చక్రాలూ ఇరుసులూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు దగ్గరి దారిన ఇరుసుల గుండా వెనక్కి పోతుంది. రిలేకు చాలినంత అందదు, డ్రాప్ అవుతుంది. బ్యాటరీ అయిపోయినా, వైరు ఊడినా, పట్టా విరిగినా అదే జరుగుతుంది. 1872 ఆగస్టులో దీనికి పేటెంటు వచ్చింది. ఇవాళ్టికీ ప్రపంచమంతటా ట్రాక్ సర్క్యూట్ అంటే మూలం ఇదే. దారి భద్రంగా ఉందని చెప్పడానికే కరెంటు ఖర్చవుతుంది. కరెంటు లేదంటే ప్రమాదం ఉన్నట్టే లెక్క.

బల్ల మీది రైలుకు కూడా ఇలాగే కట్టాలి. దానివల్ల ఎవరి ప్రాణం కాపాడబడదు, నిజమే. కానీ మోడల్ అంటే రంగూ ఆకారమే కాదు. అసలు వస్తువు ఎలా ఆలోచిస్తుందో అదీ అందులో ఉండాలి.

రాబిన్సన్ పద్ధతిని ఉన్నదున్నట్టు బల్ల మీదికి తెద్దామంటే ఒక చిక్కుంది. రెండు పట్టాల మోడల్ రైలులో ఇంజన్ మోటారుకు కరెంటు వచ్చేది ఆ పట్టాల నుంచే. ఇరుసు రెండు పట్టాలనూ కలిపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందుకే 87కు ఒకటి నిష్పత్తిలో చేసే హెచ్‌ఓ స్కేలు పెట్టెల చక్రాలకు, ఇరుసుకు మధ్య ప్లాస్టిక్ ఇన్సులేషన్ పెడతారు. పాతకాలం అమెరికన్ లయొనెల్ రైళ్లకు ఈ బాధ లేదు. వాటికి మూడు పట్టాలు. కరెంటు నడిమి పట్టాలో వచ్చి అంచు పట్టాల గుండా తిరిగి పోతుంది. అంచు పట్టాల్లో ఒకదాన్ని కొంత మేర విడదీస్తే చాలు, దాటే ప్రతి ఇరుసూ దాన్ని అవతలి పట్టాతో కలిపి స్విచ్‌లా పనిచేస్తుంది.

హెచ్‌ఓలో చేయగలిగింది కరెంటు వాడకాన్ని పసిగట్టడం. పట్టాను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు వెళ్లే వైరులో డయోడ్లు పెడతారు. ఒక దిశకు రెండు, ఎదురు దిశకు రెండు. ఇంజన్ ఆ ముక్కలో ఉంటే దాని కరెంటు డయోడ్ల గుండా పోతుంది. అప్పుడు వాటి మీద దాదాపు 1.4 వోల్టులు నిలుస్తాయి. ఆప్టోకప్లర్ అనే చిన్న ఐసీలోని ఎల్‌ఈడీ వెలగడానికి అది సరిపోతుంది. ఆ వెలుగు అవతలి ట్రాన్సిస్టర్‌ను కదిలిస్తుంది. దానితో రిలే కాయిల్‌కు వెళ్లే కరెంటును ఆపించవచ్చు. ఇలా కరెంటు వాడకం ద్వారా రైలును పట్టుకునే పద్ధతిని 1950ల చివర్లో అమెరికన్ పత్రిక మోడల్ రైల్‌రోడర్‌లో లిన్ వెస్ట్‌కాట్ ప్రచారంలోకి తెచ్చారు. పెట్టెలు కరెంటు వాడవు కాబట్టి చివరి పెట్టె చక్రాల మధ్య పది కిలో ఓముల రెసిస్టర్ అతికిస్తారు. అంత తక్కువ కరెంటును కూడా పట్టుకోవాలంటే డిటెక్టర్ సున్నితంగా ఉండాలి. ఇంజన్‌కు ఆదేశాలను పట్టాల గుండా డిజిటల్ సంకేతాలుగా పంపే డీసీసీ పద్ధతిలో పట్టాల మీద వోల్టేజీ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రైలు ఆగినా కనిపిస్తూనే ఉంటుంది. మామూలు డీసీలో రెగ్యులేటర్ సున్నాకు తిప్పితే రైలు డిటెక్టర్ కళ్లకు మాయమైపోతుంది. గేటు మధ్య నిలిచిన ఇంజన్ మీదికే రోడ్డు తెరుచుకుంటుంది. డీసీ వాడేవాళ్లు రోడ్డు ముక్క దగ్గరైనా పరారుణ కిరణం అడ్డుపెట్టుకోవాలి. కిరణం అందుతున్నంతసేపే రిలే పికప్‌లో ఉండేలా కట్టుకోవాలి.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. పట్టాకు వెళ్లే వైరే తెగితే డిటెక్టర్ ఆ ముక్క ఖాళీ అనుకోదా? అనుకుంటుంది. అయితే ఆ వైరు తెగితే ఇంజన్‌కు కరెంటు అందదు, అది ఆ ముక్కలోకి రాగానే ఆగిపోతుంది. రైలూ డిటెక్టరూ ఒకే వైరు మీద ఆధారపడటం వల్ల ఈ లోపం దానంతట అదే భద్రం వైపు పోతుంది.

గేటుకు ఎంత దూరంలో రైలును పట్టుకోవాలి? అమెరికా నిబంధనల ప్రకారం రైలు చేరడానికి కనీసం 20 సెకన్ల ముందు హెచ్చరిక మొదలవ్వాలి. దీపాలు మెరిసిన 3 సెకన్ల తర్వాతే గేటు కదలాలి. రైలు రావడానికి 5 సెకన్ల ముందే పూర్తిగా పడాలి. హెచ్‌ఓ స్కేలు 87కు ఒకటి కదా. గంటకు 60 కిలోమీటర్ల వేగం బల్ల మీద సెకనుకు 19 సెంటీమీటర్లు అవుతుంది. 20 సెకన్లకు 3.8 మీటర్లు కావాలి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ పొడవు 2.44 మీటర్లే. కాబట్టి రాజీ పడక తప్పదు. రైలును 40 కిలోమీటర్లకు తగ్గించి, హెచ్చరికను 8 సెకన్లకు కుదిస్తే ఒక్కో వైపు మీటరు దూరం చాలు. 3 సెకన్లు దీపాలకు, రెండు మూడు సెకన్లు గేటు దిగడానికి పోయినా రైలు రాకముందే రోడ్డు మూతపడుతుంది.

అలా పట్టా మూడు ముక్కలవుతుంది. గేటుకు పడమర మీటరు, తూర్పున మీటరు, రోడ్డు ఉన్న చిన్న నడిమి ముక్క. ఒక్కో ముక్కకు ఒక రిలే. ఖాళీగా ఉంటే పికప్, రైలుంటే డ్రాప్. ఈ మూడింటి ఫ్రంట్ కాంటాక్టులను వరుసగా కలిపి, ఆ దారిన గేటును నడిపే మరో రిలేకు, అంటే గేటు రిలేకు, కరెంటు ఇస్తే మూడూ ఖాళీగా ఉన్నప్పుడే గేటు లేచి ఉంటుంది. ఏ ముక్కలో రైలున్నా, ఈ వరుసలో ఎక్కడ వైరు ఊడినా గేటు పడుతుంది. పని అయిపోయినట్టే అనిపిస్తుంది, కానీ సగమే అయింది. పడమటి నుంచి వచ్చిన రైలు రోడ్డు దాటి తూర్పు ముక్కలోకి పోయింది. ఇక గేటు లేవాలి. తూర్పు రిలేకు తెలిసింది మాత్రం రైలు ఉందని, అంతే. వస్తోందో పోతోందో దానికి తెలియదు. రైలు మీటరు దూరం వెళ్లి పూర్తిగా బయటపడే దాకా బొమ్మ లారీలు నిలబడే ఉంటాయి.

ఇక్కడే రిలేకు జ్ఞాపకం నేర్పించాలి. ఎలాగంటే, రిలే తన కాయిల్‌కు కరెంటు వచ్చే దారిని తన ఫ్రంట్ కాంటాక్ట్ గుండానే వేసుకుంటుంది. మొదట ఎవరో ఒకరు పికప్ చేయించాలి. ఆ తర్వాత తన కాంటాక్టుతో తానే తనను పట్టుకుని ఉంటుంది. ఆ దారి ఎక్కడో తెగే దాకా వదలదు. సిగ్నల్ ఇంజనీర్లు దీన్ని స్టిక్ రిలే అంటారు.

దిశకు ఒకటి చొప్పున రెండు స్టిక్ రిలేలు పెడదాం. పడమటి ముక్కలో రైలు కనిపిస్తే, అంటే ఆ రిలే డ్రాప్ అయితే, దాని బ్యాక్ కాంటాక్ట్ గుండా పడమటి స్టిక్ పికప్ అవుతుంది. నడిమి ముక్కలోనో తూర్పు ముక్కలోనో రైలు ఉన్నంతసేపూ అది తనను తాను పట్టుకుని ఉంటుంది. రెండూ ఒకేసారి లేవకుండా ఒకదాని కాయిల్ దారి రెండోదాని బ్యాక్ కాంటాక్ట్ గుండా పోతుంది. ఇప్పుడు గేటు రిలే దారిలో చిన్న మార్పు. తూర్పు రిలే ఫ్రంట్ కాంటాక్టుకు పక్కగా పడమటి స్టిక్ ఫ్రంట్ కాంటాక్టును కలపాలి. తూర్పు ముక్క ఖాళీగా ఉన్నా సరే, లేదా అక్కడున్న రైలు పడమటి నుంచి వచ్చిందని స్టిక్‌కు గుర్తున్నా సరే, కరెంటు పోతుంది. పడమటి రిలేకు పక్కగా తూర్పు స్టిక్‌ను అలాగే కలపాలి. నడిమి రిలేకు మాత్రం పక్కదారి ఉండకూడదు. రోడ్డు మీద రైలుంటే ఎవరి జ్ఞాపకమూ గేటును లేపలేదు.

ఈ అమరికలో స్టిక్ పికప్ కాకపోతే గేటు మామూలుగా అవసరానికి మించి మూసి ఉంటుంది, స్టిక్ పికప్‌లోనే ఇరుక్కుపోతే మాత్రం తెరుచుకునే ప్రమాదం ఉంది. ఇంకో పరిమితి కూడా ఉంది. దాటిపోయిన రైలు తూర్పు ముక్కలోనే ఆగి వెనక్కి వస్తే, స్టిక్ ఇంకా పట్టుకునే ఉంటుంది. రైలు నడిమి ముక్కను తాకాకే గేటు కదులుతుంది. షంటింగ్ చేసే చోట ఇంజన్‌ను రోడ్డు ముక్క అంచున ఆపి, గేటు పూర్తిగా పడ్డాకే కదిలించాలి.

వరుసగా కలిపిన కాంటాక్టులు 'ఇదీ అదీ' అంటాయి, పక్కపక్కన కలిపినవి 'ఇదైనా అదైనా' అంటాయి. బ్యాక్ కాంటాక్ట్ 'కాదు' అంటుంది. ఈ మూడు మాటలతో ఏ తర్కాన్నైనా కట్టవచ్చనీ, దాన్ని బీజగణితంలా రాసి సరిచూడవచ్చనీ క్లాడ్ షానన్ 1937లో ఎంఐటీకి సమర్పించిన ఎం.ఎస్. సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. డిజిటల్ కంప్యూటర్ల రూపకల్పనకు అది పునాది. అదే ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ కుర్రాళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలు సంపాదించి, తమ బల్ల కింద పెద్ద నియంత్రణ వ్యవస్థ కట్టారు. అందులో కొందరు తర్వాత పీడీపీ-1 కంప్యూటర్ మీద కూర్చుని, 1962 నాటికి స్పేస్‌వార్ అనే ఆట రాశారు. కంప్యూటర్ ఆటల చరిత్రలో తొలి తరం ఆటల్లో అదొకటి. బల్ల కింద దూరి రిలేలు కలిపినవాళ్లకు ప్రోగ్రామింగ్ కొత్తగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

సామాన్ల సంగతి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. ముక్కల రిలేలు మూడు, స్టిక్‌లు రెండు, గేటు రిలే ఒకటి, ఈ ఆరూ పద్నాలుగు కాళ్లవి, అంటే నాలుగు జతల కాంటాక్టులున్న 12 వోల్టులవి తీసుకోవాలి. ఒక్కోటి 75 మిల్లీఆంపులు తాగుతుంది. ఒక ఆంపు అడాప్టర్ సరిపోతుంది. సాకెట్లు కూడా కొంటే టంకం రిలే కాళ్లకు కాకుండా సాకెట్లకు వేసుకోవచ్చు. ప్రతి కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ పెట్టడం మరవకూడదు, దాని చార ఉన్న వైపు ప్లస్‌కు ఉండాలి. కాయిల్‌లో కరెంటు ఠక్కున ఆగితే అందులోని అయస్కాంత శక్తి వంద వోల్టులకు మించిన దెబ్బగా వెనక్కి తన్నుతుంది. డిటెక్టర్‌లోని ట్రాన్సిస్టర్ దానికి తట్టుకోదు.

ఏడో రిలే ఆలస్యం కోసం. గేటు రిలే డ్రాప్ అయిన క్షణంలోనే దాని బ్యాక్ కాంటాక్ట్ దీపాలను వెలిగిస్తుంది. నిమిషానికి 45 సార్లు అటూ ఇటూ మారేలా 555 టైమర్ ఐసీతో ఫ్లాషర్ కట్టుకోవచ్చు. ఏడోది ఎనిమిది కాళ్ల చిన్న రిలే. దానికి కరెంటు గేటు రిలే ఫ్రంట్ కాంటాక్ట్ గుండా వస్తుంది. దాని కాయిల్‌కు అడ్డంగా 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే, గేటు రిలే డ్రాప్ అయ్యాక కూడా కెపాసిటర్‌లో దాచుకున్న కరెంటు దాన్ని మరో రెండు మూడు సెకన్లు పట్టి ఉంచుతుంది. కాయిల్ నిరోధం 300 ఓముల దగ్గర ఉంటే ఈ లెక్క సరిపోతుంది. కెపాసిటర్ నిండేటప్పుడు కాంటాక్టు కాలకుండా దారిలో 22 ఓముల రెసిస్టర్ ఉండాలి. అసలు గేటులో ఉన్నట్టే ముందు దీపాలు, ఆ తర్వాత గేటు. ఈ చిన్న రిలే రెండు జతల కాంటాక్టులు గేటు మోటారుకు వెళ్లే ప్లస్, మైనస్‌లను తారుమారు చేస్తాయి. మోడలర్లు వాడే టార్టాయిస్ లాంటి మోటారు చివరికి చేరాక కాలిపోకుండా అక్కడే ఒత్తిపట్టి నిలుస్తుంది. అలా నిలిచినప్పుడు తీసుకునేది 16 మిల్లీఆంపులే.

ఇంతవరకూ చెప్పింది అమెరికా గేటు. రైలు ఆగదు, రోడ్డే తప్పుకోవాలి. మన గేట్లది వేరే పద్ధతి. గేట్‌మ్యాన్ గేటు వేసి తాళం పడేలా చేస్తేనే ఇంటర్‌లాక్ చేసిన గేటు దగ్గర రైలుకు సిగ్నల్ వస్తుంది. పసుపు పళ్లెం మీద నల్లటి జీ అక్షరం ఉన్న సిగ్నల్ స్తంభాలు అందుకే. కాపలా లేని గేట్లు మనకు ఎంత నష్టం చేశాయో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర అలాంటి గేటు దాటుతున్న స్కూలు బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు పోయారు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి నాటికి తొలగిపోయాయి. మన నేల మీది దృశ్యం కట్టేవాళ్లు ఈ ఇంటర్‌లాకింగ్ కూడా పెట్టుకోవాలి. గేటు చేయి పూర్తిగా దిగినప్పుడు నొక్కుకునే లిమిట్ స్విచ్ ఒకటి చాలు. ఆకుపచ్చ దీపానికి వెళ్లే వైరును దాని గుండా పోనివ్వాలి. గేటు కింద బొమ్మ ఎడ్లబండి ఇరుక్కుంటే సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది.

అసలు రైల్వే రిలేలు బజారు రిలేల్లాంటివి కావు. మన రైల్వేలు వాడే క్యూ సిరీస్ రిలేల్లో ఫ్రంట్ కాంటాక్టులను లోహానికి కార్బన్ తగిలేలా చేస్తారు, అవి కరిగి అతుక్కుపోకూడదని. వీటి గురించి మన సిగ్నల్ ఇంజనీర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చే ఇరిసెట్ సంస్థ 1957 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది.

అంత జాగ్రత్తగా చేసిన రిలేలున్నా మనిషి కలిపే వైరు దగ్గర పొరపాటు జరగవచ్చు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి మళ్లి, అక్కడ నిలిచి ఉన్న గూడ్స్ రైలును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. రైల్వే సేఫ్టీ కమిషనర్ విచారణలో తేలిన కారణాలు రెండు. సిగ్నల్ సర్క్యూట్‌లో గతంలో చేసిన మార్పుల లోపాలు, ఆ స్టేషన్‌లోని 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు ఎలక్ట్రిక్ బారియర్ మార్చే పనిలో జరిగిన లోపాలు. ఒక రైల్వే గేటు వైరింగ్ పని అంత దూరం పోయింది.

కాబట్టి బల్ల మీదైనా సరే, ముందు కాగితం మీద సర్క్యూట్ గీయండి. ప్రతి వైరుకూ రెండు చివరలా నంబరు అంటించండి. రైలును పడమటి నుంచి, తూర్పు నుంచి నడిపి చూడండి. ముక్కలోకి సగం తెచ్చి వెనక్కి తీయండి, రోడ్డు మీద ఆపండి, ఒకదాని వెనుక మరో రైలును పంపండి. రైలు లోపలున్నప్పుడు రిలేల అడాప్టర్ తీసి పెట్టండి. ఆ తర్వాత ఒక్కో వైరునూ పీకుతూ, లేవకూడని వేళ గేటు లేస్తుందేమో చూడండి. ఆపైన ఎప్పుడైనా ఒక్క వైరు మార్చినా, ఈ పరీక్షలన్నీ మొదటి నుంచి మళ్లీ చేయండి.